చివరి వరుస దాకా

ఒక గంట అని ఒక వేలు ఎత్తి చూపించాడు టైర్లాయన, గోడ గడియారం వైపు తిరిగి ఆ వేలినే గుండ్రంగా ఒకసారి తిప్పాడు కూడా, భాష రాని వాళ్ళకి అంతకన్నా విడమరిచి చెప్పడం ఎవరి వల్లా కాదు, నేను తలూపి షెడ్డు ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. కారు తాళం నా గుప్పిట్లో ఉంది. పంతొమ్మిది రోజులుగా ఎక్కడ ఆగినా అంతే, దిగగానే మావయ్య తాళం నాకిచ్చేస్తాడు, తన జేబులో అయితే ఎక్కడో జారిపోతుందని ఆయన భయం, బయల్దేరేటప్పుడు చెయ్యి చాపుతాడు, తీసి ఇస్తాను. ఇంకో గంటలో మళ్ళీ చెయ్యి చాపుతాడు. ఇవ్వాలా వద్దా అన్నది ఒక్కటే ఇప్పుడు నేను తేల్చుకోవలసింది. మిగిలింది రెండు రోజుల దారి, అంతా కొండలే, ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, పైన మంచు, ఆ దారి కోసమే మావయ్య డెబ్బై రెండేళ్ళ వయసులో దేశం కాని దేశం వచ్చాడు, ఆ దారి చివర అద్దె కారు అప్పగించేసి మేం విమానం ఎక్కాలి.

పసుపు కోటు. కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది, తెరిస్తే షెడ్డు గోడకి చుట్టలు చుట్టి వేలాడదీసిన గాలి గొట్టం, అదీ పసుపే, మళ్ళీ అదే గుర్తొస్తోంది. పొద్దున తొమ్మిదవుతోంది, ఊరు దాటుతున్నాం, నా ఫోను ఛార్జరు సీటు కింద పడితే వంగి వెతుకుతున్నాను, ఎంతసేపని, అర నిమిషం ఉంటుందేమో, ఆ అర నిమిషం నా నోరు మూతపడింది, తలెత్తేసరికి ఎదురుగా తెల్లచారల మీద పసుపు కోటు వేసుకున్న ఒకావిడ, ఆవిడ తోసుకుంటూ వెళ్తున్న పసిపిల్లల బండి, మావయ్య కాలు బ్రేకు మీదికి వెళ్ళనే లేదు. నేను పెట్టిన కేకకి ఆయన స్టీరింగుని కుడికి కోసేశాడు, చక్రం కాలిబాట గట్టెక్కి ఢామ్మని పేలింది. ఆవిడకి ఏం కాలేదు. లోపలున్న పిల్లకి ఏం కాలేదు. దేవుడా, ఏమీ కాలేదు. ఆవిడ ఒక చేత్తో బండి పట్టుకుని, రెండో చెయ్యి బండికి అడ్డంగా చాపి, మా కారు ముందే, రెండడుగుల దూరంలో, కదలకుండా నిలబడిపోయింది. అప్పుడన్నాడు మావయ్య, "ఎందుకే అంత అరుపు? ఇక్కడ ఎవరూ లేరుగా."

ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మావయ్య సూటిగా ఆవిడ వైపే చూస్తూ ఆ మాట అన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి కుక్క అడ్డం వచ్చింది మావయ్యా అన్నాను, "ఈ దేశంలో కుక్కలక్కూడా చారల మీద దాటడం నేర్పారనుకున్నానే" అని నవ్వాడాయన, ఆ నవ్వుకి ఆవిడ ఏమనుకుందో, ఏదో అంది, తిట్టే ఉంటుంది, తిట్టాలి కూడా, ఆ గొంతు విని గానీ మావయ్య ముఖం ఆవిడ వైపు తిరగలేదు. అప్పటికి ఆవిడ కాలిబాట ఎక్కేసింది. ఎవరో పాపం పలకరిస్తున్నారనుకుని మావయ్య ఆవిడకి నమస్కారం పెట్టాడు.

ఇప్పుడు చూడు, షెడ్డులో ఎలా నిలబడ్డాడో, పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దలాగ. టైర్లాయన చక్రం ఊడదీసి బల్ల మీద పడేస్తే, మావయ్య చొక్కా చేతులు మడిచి, ఆయన వద్దంటున్నా వినకుండా పక్కన ఆనించి ఉన్న పాత టైర్లన్నిటినీ అరచేత్తో తడుముతున్నాడు. ఒక టైరు దగ్గర ఆగాడు. బొటనవేలితో రెండుసార్లు ఒకే చోట నొక్కి, టైర్లాయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఆ చోట పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, వంగి, దీపం దగ్గరికి జరిపి చూస్తే లోపల విరిగిన మేకు ముక్క ఉందట, పటకారుతో లాగి తీసి, మావయ్య భుజం మీద ఒక్కటి చరిచాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు, అయినా పాత చుట్టాల్లాగ నవ్వుకుంటున్నారు. నా ఛాతీ పొంగింది, ఈయన మా మావయ్య అని అరిచి చెప్పాలనిపించింది, ఆ వెంటనే, చేత్తోనే కదా కనిపెట్టాడు అనిపించి లోపలంతా చల్లబడిపోయింది.

బస్సు నడిపాడు మావయ్య, ముప్ఫై ఎనిమిదేళ్ళు, దూరం ఊళ్ళ బస్సు. నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన ఇంటికే వచ్చేశాం, బడి సెలవులొస్తే నా మకాం ఆయన బస్సులోనే, ఇంజను పక్కన ఉండే ఒంటి సీటు నాది, కాళ్ళకి ఇంజను వేడి తగులుతూ ఉండేది, ఆ వేడికి నిద్ర పట్టేసేది, లేచేసరికి వేరే ఊరు. అంత పెద్ద చక్రాన్ని రెండు వేళ్ళతో తిప్పేవాడు, చూసేవాళ్ళకి ఆయన బస్సుని నడుపుతున్నట్టు ఉండేది కాదు, బస్సే ఆయన్ని షికారు తిప్పుతున్నట్టుండేది. రిటైరైన రోజున డిపోలో దండ వేసి, ఇన్నేళ్ళలో బండికి ఒక్క గీత పడలేదు అన్నారట, ఆ మాట ఇంటికొచ్చి అమ్మకి మూడుసార్లు చెప్పాడు. ఒక్క గీత పడలేదు. ఆ మనిషి దగ్గరికెళ్ళి ఇంక నువ్వు నడపొద్దు అని నేను చెప్పాలి, ఆయనే సైకిలు నేర్పి, స్కూటరు నేర్పి, ఖాళీ స్థలంలో పాత కారు తెచ్చి క్లచ్చు మీద నా కాలు వణుకుతుంటే ఇంజను గుర్రం కాదు కరవదు అని నవ్వించిన నేను.

ఫోను మోగుతోంది, అమ్మ. ఎత్తకపోతే పదిసార్లు చేస్తుంది. "ఎంతవరకొచ్చారే? తిన్నారా?" తిన్నామమ్మా. "అన్నయ్యేడీ?" ఇక్కడే, ఒకాయనతో కబుర్లు చెబుతున్నాడు. "భాష రాకపోయినా దొరికారూ కబుర్లకి! సరే గానీ ఇవాళేగా కొండలెక్కేది? నాకు బెంగేం లేదులే, స్టీరింగు మా అన్నయ్య చేతిలో ఉంటే నేను కళ్ళు మూసుకుని పడుకుంటాను. నువ్వు మాత్రం ముట్టుకోకు తల్లీ, నీకసలే కంగారెక్కువ." సరేనమ్మా. పెట్టేశాను. టైరు పేలిందని కూడా చెప్పలేదు. ఎన్ని చెప్పలేదో లెక్క తీస్తే ఈ గంట చాలదు.

ఐదో రోజు సంగతీ చెప్పలేదు. అప్పుడది నవ్వుకునే సంగతిలాగే ఉంది, నిజంగా కడుపు పట్టుకుని నవ్వాను. మేం దిగిన బసలో పొద్దున్నే అందరూ కింద హాల్లో కాఫీ తాగుతారు, నేను మెట్లు దిగి వచ్చేసరికి కిటికీ దగ్గర బల్ల ముందు మావయ్య కూర్చుని ఎవరో ఆవిడతో మాట్లాడుతున్నాడు, తెలుగులో, ధారాళంగా, "రాత్రి నీకు దుప్పటి చాలలేదేమోనే, ఇవాళ ఇంకోటి అడుగుదాం" అంటున్నాడు, ఆవిడ కప్పు పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది. ఆవిడదీ నాలాగే ముదురు ఎరుపు స్వెట్టరు, నాలాగే ముడి, ముఖం మాత్రం ఏ కోశానా నాలా లేదు, జుట్టు కూడా తెల్లది. నేను వెనక నుంచి మావయ్యా అన్నాను. ఆయన ఆ గొంతు కోసం ఇటు తిరిగాడు, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏమీ లేకుండా పోయింది, ఆ తర్వాత నవ్వేసి, "నువ్వు లేటని ఇంకో మేనకోడల్ని పెట్టుకున్నా" అన్నాడు. నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. ఆ క్షణాన్ని మాత్రం నేను మడిచి ఎక్కడో లోపల పెట్టేశాను, పెట్టేసి పైన ఆ నవ్వు కప్పేశాను.

అంతకన్నా ముందు, మూడో రోజున, "ఇక్కడ అంతా ఎడాపెడా, మనకి ఎడమైంది వీళ్ళకి కుడి, నా బుర్రకింకా ఎక్కలేదు, కాస్త చెబుతూ ఉండవే" అన్నాడు. సరదాగా మొదలెట్టాను. నేను కూర్చునేది కాలిబాట వైపే కదా, కుడి పక్క సైకిలు మావయ్యా, ముందు ఎర్ర లైటు, వచ్చే మలుపు ఎడమకి, లారీ ఆగింది, ఆపు, రైట్ రైట్, పోనియ్. కండక్టరు గొంతు పెట్టి అరిచేదాన్ని, "ఈ కండక్టరమ్మకి టిక్కెట్లు కొట్టడం రాదు గానీ గొంతు బాగుంది" అనేవాడు. రెండు రోజులకి నోరు నొప్పెట్టి కాసేపు ఊరుకుంటే, కారు నెమ్మదించేది, ఏమే నిద్రపోయావా అనేవాడు, వెంటనే మళ్ళీ అందుకునేదాన్ని. బోర్డులన్నీ నేనే చదివాను. లైట్లన్నీ నేనే చెప్పాను. ఆట అనుకున్నాను, కాదు, ఆట అని నాకు నేను చెప్పుకున్నాను, ఇన్ని రోజులూ కారు నడిచింది నా నోటి మీద, ఆ నోరు అర నిమిషం మూసుకుంటే ఒక పసిపిల్ల చక్రాల కింద పడబోయింది.

నాకెలా తెలియలేదని ఎవరైనా అడిగితే ఏం చెబుతాను? నేను కళ్ళద్దాల షాపులో పదిహేడేళ్ళుగా పనిచేస్తున్నాను. రోజుకి ముప్ఫైమందిని కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చదవండి అంటాను. కంటి వెనక పొర నడిమధ్య చెడిపోతే బయటికి కన్ను శుభ్రంగానే ఉంటుంది, మెరుస్తూనే ఉంటుంది, చుట్టూ ఉన్నదంతా ఎంతో కొంత కనిపిస్తుంది, సూటిగా చూసిన చోటే చెరిగిపోతుంది, అందుకని అలాంటివాళ్ళు చూడాలనుకున్న దానికి ముఖం కాస్త పక్కకి తిప్పుకుని ఓరగా చూస్తారు. షాపులోకి ఒక మనిషి అలా తల తిప్పుకుంటూ వస్తే గుమ్మంలోనే పట్టేస్తాను, డాక్టరుగారికి చెప్పి లోపలికి పంపిస్తాను. మావయ్య ఏడాదిగా నా ముఖం చూడాలంటే నా చెవి పక్కకి చూస్తున్నాడు. పెద్దతనం, మెడ పట్టేసి ఉంటుంది అనుకున్నాను. అనుకున్నానా? అనుకోవడానికి వీలుగా ఉందని అనుకున్నాను.

ఇక ఆ చార్టు. ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నాను, దాని దాకా రాకుండా. డెబ్బై దాటిన వాళ్ళకి కారు అద్దెకివ్వాలంటే చూపు బాగుందని కాగితం కావాలన్నారు, మా షాపుండగా ఇంకో చోటికెందుకు, ఒక సాయంత్రం మావయ్యని కూర్చోబెట్టాను. ఆయనకది కొత్త చోటు కాదు. రిటైరైనప్పటి నుంచి పన్నెండేళ్ళుగా రోజూ సాయంత్రం ఏడింటికి నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వస్తాడు, నా పని అయ్యేదాకా గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుంటాడు, ఆ బెంచీకి ఎదురుగా ఉండేది ఆ అక్షరాల చార్టే. ఏడుపు మొహాలతో వచ్చిన పిల్లల్ని ఆ అక్షరాలతో ఆడించేవాడు, కింది నుంచి పైకి చదివేవాడు, రాగం తీసి చదివేవాడు, ఇంటికెళ్ళే దారిలో స్కూటరు మీద చివరి వరుస గొణుక్కునేవాడు. అది ఆయనకి కంఠతా వచ్చు. అది నాకు తెలుసు. బట్టీ పట్టిన వాళ్ళ కోసమే మా చార్టు రెండు వైపులా ఉంటుంది, వెనక అంకెలు, కింది మూల పట్టుకుని తిప్పితే చాలు, బడిపిల్లలకి ఎప్పుడూ తిప్పుతాను, ముందున్నవాళ్ళు చదివింది వినేసి ఒప్పజెబుతారని. ఆ రోజు మావయ్య కుడి కన్ను మూసి గడగడా చదివాడు, ఎడమ కన్ను మూసి గడగడా చదివాడు, చివరి వరుస దాకా ఎక్కడా తడబడలేదు. ఎంత మంచి చూపున్నవాళ్ళయినా చివరి వరుస దగ్గర ఒక్కసారి కన్ను చిట్లిస్తారు. ఆయన చిట్లించలేదు. నా చెయ్యి చార్టు మూల దాకా వెళ్ళింది. రెండు వేళ్ళతో ఆ మూల పట్టుకున్నాను కూడా, అట్ట అంచు అరిగి మెత్తగా ఉంటుంది అక్కడ. లోపల్నుంచి డాక్టరుగారు "అయిందామ్మా?" అన్నారు. అయిందండీ, రెండు కళ్ళూ బాగున్నాయండీ అన్నాను. ఆయన నా మాట మీద సంతకం పెట్టారు.

ఎందుకు తిప్పలేదు? ఆయన సంతోషం కోసం అని అందరికీ చెప్పగలను, అత్తయ్య పోయాక మనిషి బెంచీకీ మంచానికీ అతుక్కుపోయాడు, ఆ కొండ దారి ఎవరో ఫోనులో చూపించిన దగ్గర్నుంచి మళ్ళీ మనిషయ్యాడు, మ్యాపు తెచ్చి గోడకి అంటించాడు, ఇదంతా నిజమే. కానీ అసలు నిజం సిగ్గుగా ఉంది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఊళ్ళోవాళ్ళకి చూపు సరిచేసి పంపడమే గానీ నేను ఏదీ చూడలేదు, ఒక్కసారి వెళ్ళాలనుంది, నాకు, నా కోసం, ఆయన ఒంక మీద. చార్టు తిప్పితే ఆ ప్రయాణం లేదు. పసుపు కోటావిడ ఇవాళ ఇంటికెళ్ళి పిల్లని ఒళ్ళో పెట్టుకుని వణుకుతూ ఉంటుంది, నా ముచ్చట కోసం.

చక్రం బిగించేశాడు టైర్లాయన. జాకీ దింపుతున్నాడు. గడియారంలో గంట కాలేదు, ఇంకా పన్నెండు నిమిషాలుంది, నాకు రావలసిన పన్నెండు నిమిషాలు ఎవరో లాక్కున్నట్టు ఒళ్ళు మండింది. మావయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు, నా చెవి పక్కకి చూస్తూ. వచ్చి చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వవే. పొద్దు ఉండగానే పై ఊరు చేరాలి."

"నేను నడుపుతాను మావయ్యా."

"నువ్వా? ఘాట్ రోడ్డా?" నవ్వాడు. "ఆ కొండల మీద నీకేం కోపమే?"

"పొద్దున అడ్డం వచ్చింది కుక్క కాదు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఒకావిడ. పసిపిల్లని బండిలో తోసుకుంటూ దాటుతోంది. నువ్వు ఎవరూ లేరన్నప్పుడు మన కారు ముందే నిలబడి ఉంది."

చాపిన చెయ్యి అలాగే ఉంది. "ఎంత దూరంలో?"

"రెండడుగులు."

"పిల్ల?"

"ఏం కాలేదు."

ఆయన పక్కన కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు. గుడ్డని మడిచాడు, మళ్ళీ విప్పాడు. నాకు తిట్లు తినాలని ఉంది. మొదట తిట్లే వచ్చాయి, కాకపోతే అవి తిట్లలాగ లేవు, "ముప్ఫై ఎనిమిదేళ్ళు నడిపానే" అన్నాడు, "నీకు క్లచ్చు తొక్కడం నేర్పింది నేనే" అన్నాడు, "చార్టంతా చదివానుగా" అన్నాడు.

"నీకు నోటికొచ్చిన చార్టు మావయ్యా అది."

షెడ్డులో గాలి మిషను ఆగి మళ్ళీ మొదలైంది. "ఆ రోజు తిప్పుతావనుకున్నాను" అన్నాడు. "పిల్లవెధవలకి కూడా తిప్పుతావు, పన్నెండేళ్ళు చూశాను ఆ బెంచీ మీద కూర్చుని. నువ్వు తిప్పితే నా పని తేలిపోతుంది, ఇంట్లో కూర్చుంటాను అనుకునే వచ్చాను. నా అంతట నేను మానలేనే. ఎవరో ఒకరు మాన్పించాలి. నువ్వు తిప్పలేదు. బాగున్నాయన్నావు. నువ్వే అన్నావు కదా అని, నేనూ..."

"తెలిసే తిప్పలేదు మావయ్యా" అన్నాను. "చెయ్యి చార్టు మూల దాకా వెళ్ళింది. నాకు రావాలనుంది."

ఏమంటాడో అని చూశాను. ఆయన లేచి, కారు వైపు నడిచి, అలవాటు కొద్దీ ఎడమ తలుపు పట్టుకున్నాడు, ఆగాడు, కారు ముందు నుంచి చేత్తో బానెట్టు తడుముకుంటూ అటు వైపు వెళ్ళి నా సీట్లో కూర్చున్నాడు. నేను సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దం సరిచేసుకున్నాను, క్లచ్చు తొక్కాను. టైర్లాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి చెయ్యి ఊపాడు. మొదటి గేరులో కారు ఎగిరి ఆగిపోయింది. మావయ్య ఒక్క ముక్క అనలేదు, ఆయన అనకపోవడమే నాకు ఏడుపు తెప్పించింది, ఏడిస్తే రోడ్డు కనపడదని మింగేశాను. రెండోసారికి కదిలింది. ఊరు అయిపోయింది, ఎత్తు మొదలైంది, నేను కండక్టరు గొంతు పెట్టలేదు, ఎవరూ ఏమీ అరవలేదు, మూడో మలుపు దగ్గర కొండల వెనక తెల్లగా ఒక చార లేచింది.

"అది మంచు కొండేనా?" అన్నాడు.

పంతొమ్మిది రోజులుగా ఆయన అడిగిన ప్రతిదానికీ అవును మావయ్యా అన్నాను.

"కాదు. మబ్బు."

"సరే" అన్నాడు. "వచ్చినప్పుడు చెప్పు. పక్కకి తిరిగి చూస్తాను."